పలుపు లేని కంప్యూటర్

ఆ ఏడు పత్తి ఏరుడు మొదలైన వారంలో, రామన్నపేటలో పశువుల దవాఖాన పక్కనున్న రేకుల షెడ్డులో ‘ప్రజా ఉచిత సాంకేతిక సలహా కేంద్రం’ ఘనంగా ప్రారంభమైంది. పాత కంప్యూటర్లు, ఇంట్లో పాటలు వినే డబ్బాలు, చెవుల్లో పెట్టుకునే తీగలు కొనాలనుకునే ప్రజలు ఇకమీద ఎవరి బుద్ధితో వారు కొని మోసపోవలసిన పని లేదని, పదిమంది బుద్ధి తీసుకొని కొనవచ్చని ఫ్లెక్సీ మీద రాయించారు. ఫ్లెక్సీ మీద కంప్యూటర్ బొమ్మ ఒకటి చిన్నగా, దాని చుట్టూ సలహాదారుల బొమ్మలు పదకొండు పెద్దగా ఉన్నాయి. ఎవరికి ఎవరు అవసరమో జనానికి చూడగానే అర్థమైంది.

అధ్యక్షులు రఘుపతి సారు. హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన జీవితంలో కంప్యూటర్‌ను వేలితో తాకలేదు. కాబట్టి ఏ కంపెనీ మీదా ఆయనకు పక్షపాతం లేదు. ఈ అర్హత ఊళ్లో ఇంకా చాలామందికి ఉన్నా, దాన్ని యాభై నిమిషాలు నిలబడి వివరించగలిగింది ఆయన ఒక్కరే కనుక ఎన్నిక ఏకగ్రీవమైంది.

“తెలిసినవాడు చెప్పేది వ్యాపారం. తెలియనివాడు ఏ ఆశా లేకుండా చెప్పేదే సలహా. ఈ కేంద్రంలో వ్యాపారానికి తావు లేదని సభాముఖంగా హామీ ఇస్తున్నాను” అన్నారు సారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎవరూ అర్థం కాలేదని అనలేదు. మన దగ్గర ఆ అలవాటు లేదు.

శబ్ద విభాగం మల్లికార్జున్‌ది. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు డీజే బాక్సులు కిరాయికి ఇచ్చే మనిషి. పాటల డబ్బా మంచిదో కాదో తేల్చడానికి అతని దగ్గర నమ్మకమైన పరీక్ష ఉంది. డబ్బా మీద నిండు చెంబు నీళ్లు పెట్టి పాట వేస్తాడు. నీళ్లు తొణికితే పాస్. చెంబే కింద పడితే ఫస్ట్ క్లాస్. పాటలో మాట వినపడుతుందా లేదా అన్నది ఆ పరీక్షలో లేదు, అడిగినవాళ్లూ లేరు.

ఇక కంప్యూటర్ విభాగం. దీనికి కురుమయ్య పెద్ద. ముప్పై ఏండ్లు అంగడిలో ఎడ్ల బేరాలు కుదిర్చాడు. పెదవి ఎత్తి పండ్లు చూసి ఎద్దు వయసు చెప్పేవాడు. ఒంటి మీది వెంట్రుకల సుడి చూసి అది ఎవరి ఇంట్లో నిలుస్తుందో చెప్పేవాడు. తువ్వాల కింద చేయి పెట్టి, అమ్మేవాని వేళ్లు పట్టి, నోరు మెదపకుండా బేరం తెంపేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి. తువ్వాల మిగిలింది. అంత విద్య ఊరికే అరుగు మీద కూర్చొని బీడీ తాగుతుంటే సమాజం చూడలేకపోయింది. ఒకసారి ఎవరో పాత టీవీ కొనబోతూ తోడుకు తీసుకుపోతే, కురుమయ్య తువ్వాల కప్పి, అమ్మేవాడు చెప్పిన ధర సగానికి దించాడు. ఆ టీవీ ఇంటికి వచ్చాక ఒక్కనాడు కూడా బొమ్మ చూపలేదు. కానీ సగం ధర సగం ధరే కదా. పేరు మండలమంతా పాకింది.

ఈ కేంద్రానికి వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు దశరథంది. నాలుగెకరాల పత్తి రైతు. సలహా లేనిదే కొడవలి కూడా కొనడు. కొన్నాక అది సరైనదేనా అని మళ్లీ తిరిగి అడుగుతాడు. ఇప్పుడు అతను కొనవలసింది బిడ్డ ప్రవళికకు కంప్యూటర్.

ప్రవళిక నల్లగొండలో డిగ్రీ చదివి ఇంటికి వచ్చింది. ఆమెకు ఒక కంపెనీ ఇంట్లో కూర్చొని చేసే పని ఇస్తానంది. చెవిలో తీగ పెట్టుకొని, జనం మాట్లాడిన మాటలు విని, ఉన్నది ఉన్నట్టు తెలుగులో టైపు కొట్టి పంపాలి. ఆ మాటలతో కంపెనీ ఏదో యంత్రానికి మాట్లాడడం నేర్పిస్తుందట. పరీక్ష సోమవారం పొద్దున పది గంటలకు. పాసయితే ఉద్యోగం. కాకపోతే మంగళవారం మొదటి బస్సుకు షాద్‌నగర్ పోయి, సీసాల కంపెనీలో పన్నెండు గంటలు నిలబడి మూతలు బిగించాలి. ఆ పనికి దశరథం అప్పటికే మాట ఇచ్చేశాడు. అది కూడా పదిమందిని అడిగే ఇచ్చాడు.

ఏ కంప్యూటర్ కొనాలో ప్రవళికకు తెలుసు. బస్టాండ్ ఎదురుగా రిపేరు దుకాణం పెట్టుకున్న సుమన చెప్పింది. “వేడి గాకుండ ఉండాలె, కీబోర్డు మంచిగుండాలె, ఛార్జరుండాలె. చెవులకు తీగ నా దగ్గర్నే ఉంది, తీస్కపో.” అంతే. ఇంత చిన్నగా చెప్పింది కాబట్టి ఊళ్లో దాన్ని సలహాగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పైగా సుమన ఎవరైనా వచ్చి ఏం కొనాలని అడిగితే, మీ ఇంట్ల ఉన్నదే బాగు చేస్త, కొనకుండ్రి అంటుంది. కొనవద్దు అనే మనిషి దగ్గరికి సలహాకు ఎవరు పోతారు? అధ్యక్షుల వారి టీవీ డబ్బా, మల్లికార్జున్ ఆంప్లిఫయరు నెలకోసారి ఆ దుకాణంలోనే వైద్యం చేయించుకుంటాయన్నది నిజమే. అది వెనుక గుమ్మం ముచ్చట.

సుమన మాట ప్రవళిక బాపుకు చెప్పింది. దశరథం శ్రద్ధగా విన్నాడు. “ఆ పిల్లకు తెలుసు బిడ్డా, నేను కాదంట లేను. తెలిసినంత మాత్రాన సరిపోతదా, అనుభవముండాలె గద” అని కేంద్రానికి బయలుదేరాడు.

దరఖాస్తు మూడు ప్రతులలో తీసుకున్నారు. ఇల్లు ఏ దిక్కుకు ఉంది, కంప్యూటర్ ఏ మూలకు పెడతారు, అంతకుముందు ఇంట్లో కంప్యూటర్ గానీ ఎద్దు గానీ అకాల మరణం పొందిందా, అన్న ప్రశ్నలున్నాయి. మూడో ప్రశ్న కురుమయ్య పట్టుబట్టి పెట్టించాడు. కంప్యూటర్ ఏం పనికి కావాలో రాయడానికి వెంట వచ్చిన ప్రవళిక జాగా వెతికింది. లేదు.

శనివారం అంగడికి పట్నం నుంచి వ్యాను వచ్చింది. కూరగాయలకూ గొర్రెలకూ మధ్య పరదా పరిచి, పెద్ద కంపెనీలు తీసిపారేసిన కంప్యూటర్లు వరుసగా పెట్టారు. ఒక్కోదాని మీద ధర చీటీ అతికించి ఉంది. ప్రవళిక చూపు ఒకదాని మీద పడింది. మూలకు గీసుకుపోయి తెల్ల మచ్చ ఉంది గానీ నడుస్తుంటే చప్పుడు లేదు, ఒళ్లు చల్లగా ఉంది, మీటలన్నీ పలుకుతున్నాయి. ఇదే కొందామంది.

కురుమయ్య ముందుకు వచ్చాడు. తలపాగా సర్దుకొని, రెండు చేతులతో దాని మూత పైకి లేపాడు, పెదవి లేపినట్టే. మీటల మీద బొటనవేలు ఒక్కోదాని మీదా ఆనించి పోయాడు. కిందికి తిప్పి గాలి పోయే చిల్లులు చూశాడు. అరచేత్తో వీపు నిమిరాడు. చుట్టూ ముప్పై మంది జమయ్యారు. అంగడిలో ఎన్నో ఏండ్లకు మళ్లీ ఈ దృశ్యం చూసి ముసలివాళ్లు ఇద్దరు కండ్లు తుడుచుకున్నారు.

“మూలకు తెల్ల మచ్చ ఉన్నది, ఇంటికి అచ్చిరాదు. బక్కది, బరువు గుంజదు. ఒళ్లు చల్లగున్నది, నోరు మెదపదు. గిది రోగం దాసుకున్న పశువు, దశరథం” అని తీర్పు చెప్పాడు.

తరువాత ఇంకొకదాని దగ్గర ఆగాడు. అది మోయడానికి రెండు చేతులు కావాలి. తెరవగానే లోపల గాలి బుసకొట్టింది. రెండు నిమిషాల్లో ఒళ్లు కాలే పెనంలా అయింది. కురుమయ్య ముఖం విప్పారింది. నెత్తురు మంచిగా పారుతోందని, ఈ వయసులో ఇంత ఊపిరి ఉన్న జాతి దొరకడం కష్టమని అన్నాడు. అడుగున గాలి చిల్లులు గుండ్రంగా ఉన్నాయి, రాజసుడి అన్నాడు. జనం తలలూపారు. ప్రవళిక, తాతా అది వేడెక్కితే ఆగిపోతదే అంది. ఆడపిల్ల అంగడికి రావడమే ఎక్కువ, బేరంలో మాట్లాడడం దేనికని ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది ఏకకాలంలో సలహా ఇచ్చారు. ముప్పయ్యో ఆయనకు దగ్గు వచ్చింది.

బేరం మొదలైంది. కురుమయ్య తువ్వాల తీసి వ్యాను పిల్లగాని చేతి మీద కప్పాడు. కింద వేళ్లు పట్టాడు. పట్నం పిల్లగానికి ఈ విద్య తెలియదు. అరచేతిలో చక్కిలిగింతలు పుట్టి కిలకిల నవ్వాడు. అంగడి శాస్త్రం ప్రకారం అమ్మేవాడు నవ్వితే బేరం కుదిరినట్టే. కుదిరిన ధర చీటీ మీద ఉన్న ధరకంటే కొంచెం ఎక్కువని తరువాత తేలింది. తువ్వాల కింద చీటీ కనపడదు కదా. పిల్లగాడు కాదనలేదు.

అప్పుడు కురుమయ్య చివరి కార్యం నెరవేర్చాడు. కంప్యూటర్‌కు వేలాడుతున్న నల్లటి తీగను, దాని పొట్ట దగ్గరున్న నల్లడబ్బాతో సహా, జాగ్రత్తగా ఊడదీసి చుట్టచుట్టి, కండ్లకు అద్దుకొని, వ్యాను పిల్లగాని చేతిలో పెట్టాడు. పశువును అమ్మినవాడు పలుపు తనతో తీసుకుపోవాలి. పలుపుతో సహా ఇచ్చేస్తే అమ్మిన ఇంటి లక్ష్మి కూడా పోతుంది. కొన్నవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. తరతరాల మర్యాద. దశరథం ముందుగానే కురుమయ్య చెప్పినట్టు కొత్త పలుపు కొని తెచ్చాడు. ఎర్రరంగు అద్దిన గట్టి తాడు. దాన్ని కంప్యూటర్ నడుముకు రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, పసుపు కుంకుమ పెట్టి, సంచిలో దించుకొని ఇంటికి నడిచారు.

అప్పటికి ప్రవళిక అక్కడ లేదు. మల్లికార్జున్ ఆమెను, బాపు పంపాడని చెప్పి, తన షెడ్డుకు తీసుకుపోయాడు. చెవుల్లో తీగ పెట్టుకొని వినడం శబ్దాన్ని అవమానించడమని, ఒక్కరే వినడం దొంగతిండి లాంటిదని అరగంట బోధించాడు. ఆమెకు కావలసింది ఏడు డబ్బాల హోం థియేటర్ అని తేల్చాడు. చెంబు పరీక్ష పెట్టి చూపాడు. చెంబు పడింది. దాని కింద ఉన్న బల్ల కూడా పడింది. ఆ ఘనత విన్నాక దశరథానికి ఇంకే అనుమానమూ మిగలలేదు. ఏడు డబ్బాలూ ట్రాలీ ఆటోలో ఇంటికి వచ్చాయి. సాయంత్రం ఒక్క పాట వేసి చూశారు. దూలం మీది మట్టి రాలింది. పక్కింటి బర్రె ఆ పూట పాలియ్యలేదు. దానికీ కురుమయ్య ఉచితంగానే సలహా ఇచ్చాడు.

ఆదివారం పొద్దున ప్రవళిక ఎర్ర తాడు విప్పి కంప్యూటర్ తెరిచింది. బుసకొట్టింది. మూలకు చిన్న బొమ్మ కనపడి, ఛార్జింగ్ అడుగంటిందని చెప్పింది. ప్రవళిక ఛార్జర్ కోసం సంచి దులిపింది. పసుపు రాలింది. ఆమె ఛార్జర్ గురించి అడిగేలోపే తెర నల్లబడింది. దశరథం గర్వంగా పలుపు మర్యాదంతా వివరించాడు. ప్రవళిక సంచి కింద పెట్టింది. చేతిలో ఎర్ర తాడు అట్లాగే ఉంది.

“గది పలుపు గాదు బాపు. గది మేత.”

దశరథం ముఖంలో రంగు పోయింది. పశువు ముచ్చట అయ్యేసరికి అతనికి విషయం వెంటనే అందింది. కండువా కూడా వేసుకోకుండా కేంద్రానికి ఉరికాడు. వెనుకే కంప్యూటర్ ఎత్తుకొని ప్రవళిక.

కేంద్రం అత్యవసర సమావేశం జరిపింది. మేత అని కొనేటప్పుడే చెప్పి ఉండవలసిందని రఘుపతి సారు విచారం వెలిబుచ్చారు. తన ఏడు డబ్బాలకు కరెంటు ఇచ్చే తీగ ఉంది, అది గుచ్చి చూడండని మల్లికార్జున్ అన్నాడు. గుచ్చి చూశారు. షెడ్డులో కరెంటు పోయింది. కురుమయ్య మాత్రం మాట తప్పే మనిషి కాదు.

“మేతనే అనుకో. మేత గూడ కొన్నోడే పెట్టుకోవాలె గద. అమ్మినోడు పెడ్తడా?”

రఘుపతి సారు దీన్నే తీర్మానంగా రాయించారు. తీర్మానం ఆమోదించి, మంచినీళ్లు తాగి లేచారు. బయట దశరథం బిడ్డ ముఖం వైపు చూడలేకపోయాడు. రేపటి పరీక్ష పోతే ఎల్లుండి బస్సు. సీసాల కంపెనీకి మాట ఇచ్చింది తానే. జీవితంలో మొదటిసారి, ఎవరినీ అడగకుండా, సుమన దగ్గరికి పోదామా బిడ్డా అన్నాడు.

ఆ పిన్నుకు సరిపోయే ఛార్జర్ సుమన దగ్గర లేదు. వ్యాను మళ్లీ శనివారమే వస్తుంది. ఆమె బల్ల మీద మాత్రం ఒక కంప్యూటర్ చల్లగా, చప్పుడు చేయకుండా నడుస్తోంది. మూలకు తెల్ల మచ్చ. కేంద్రం రోగిష్టిదని పక్కన పెట్టినదాన్ని అంగడి లేచే వేళ సుమన తీసుకుంది, మేతతో సహా.

“రేపు పదింటికి వచ్చి గీడ కూసో. రాసుకో.” ఆమె అంతకు మించి ఏమీ అనలేదు. దశరథం, అంత చిన్న సాయం నమ్మబుద్ధి కాక, కాసేపు నిలబడ్డాడు, ఇంకేమైనా చెబుతుందేమోనని.

సోమవారం పరీక్ష మొదటి భాగం సాఫీగా జరిగింది. పది నిమిషాల మాటలు విని కొట్టింది, చెవుల్లో సుమన ఇచ్చిన తీగలతో. రెండో భాగం తెర మీద కనపడింది. మీ ప్రాంతంలో జనం రోజువారీ అవసరం మీద సహజంగా మాట్లాడుకునే మాటలు, వాళ్ల అనుమతితో, అరగంట రికార్డు చేసి, రాసి, సాయంత్రం అయిదులోపు పంపాలి. మధ్యలో నిశ్శబ్దం ఉండకూడదు. మాట్లాడేవారి గొంతులో విశ్వాసం వినపడాలి.

ప్రవళిక ఫోన్ పట్టుకొని కేంద్రానికి పోయింది. సార్లు, మీ మాటలు ఒక కంపెనీ దాచిపెడతదట, రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది. రఘుపతి సారు చొక్కా మార్చుకోవడానికి ఇంటికి పోయి వచ్చారు. గొంతు ఒక్కటే పోతుందని చెప్పినా మల్లికార్జున్ తల దువ్వుకున్నాడు. అందరూ కుదురుకున్నాక ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి ఒక్కటే ప్రశ్న వేసింది. “పాత కంప్యూటర్ కొనాలంటే ఏం జూడాలె?”

కంపెనీ అడిగింది అరగంట. కేంద్రం ఇచ్చింది మూడు గంటల పది నిమిషాలు. ఎక్కడా నిశ్శబ్దం లేదు. ఒకరు ఊపిరి పీల్చుకునే చోట ఇంకొకరు అందుకున్నారు. విశ్వాసమైతే ఫోన్ పట్టనంత. ప్రవళిక బతుకులో మొదటిసారి ఆ సలహాలు ఆపవద్దని మనసులో మొక్కుకుంది. మొదటి అరగంట కొట్టి, అయిదుకు పది నిమిషాల ముందు పంపింది.

సుమన మాటలు కూడా ఆమె రికార్డు చేసింది. అవి పదకొండు సెకండ్లు వచ్చాయి. నిడివి చాలదని కంపెనీ వెనక్కు పంపింది.

ఉద్యోగం వచ్చింది. షాద్‌నగర్ బస్సు ఆమె లేకుండానే పోయింది. కంపెనీకి ఆ గొంతులు ఎంత నచ్చాయంటే ఇంకా ఆరు వందల గంటలు కావాలంది. సుమన దుకాణంలో ఒక మూలకు కుర్చీ వేసుకొని, తెల్ల మచ్చ కంప్యూటర్ మీద ప్రవళిక రోజూ కొట్టింది. పండ్లు చూడడం, సుడి చూడడం, చెంబు పరీక్ష, పలుపు మర్యాద, ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా. తప్పు దిద్దకూడదని కంపెనీ నియమం. తప్పుగా కొడితే జీతంలో కోత. చర్చకు ముడిసరుకు తగ్గకుండా కేంద్రం ఆదివారం కూడా తెరిచారు. రఘుపతి సారు తన గొంతు శాశ్వతమైందని ఊళ్లో తానే సన్మానం చేయించుకున్నారు.

ఎనిమిది నెలలు గడిచాయి. దశరథానికి బిడ్డకు సొంతంగా కంప్యూటర్ కొనివ్వాలనిపించింది. ఈసారి అతను మారిన మనిషి. కేంద్రం వైపు పోలేదు. నేరుగా బస్టాండ్ వైపు, సుమన దుకాణానికి నడిచాడు. గడప దాకా వచ్చాడు. లోపల ప్రవళిక చెవుల్లోంచి తీగలు తీసి, బాపు ఇన్ని నెలలకు మళ్లీ ఇక్కడికెందుకు వచ్చాడా అని చూస్తోంది. గడప మీద కాలు పెట్టి, చివరిసారిగా ఒక్క మాట అడిగి చూద్దామని దశరథం ఫోన్ తీశాడు. మన యాసలోనే అన్నిటికీ జవాబు చెప్పే కొత్త యంత్రం ఫోన్లలోకి వచ్చి నెల అవుతోంది. ఊరంతా ఇప్పుడు దాన్నే అడుగుతోంది. దేశమంతా అడుగుతోందని చెబుతున్నారు.

“పాత కంప్యూటర్ కొనాలంటే ఏం జూడాలె?”

ఫోన్ క్షణం కూడా తడుముకోలేదు. తేనె పూసిన గొంతుతో, ఎక్కడా నిశ్శబ్దం లేకుండా, నిండు విశ్వాసంతో చెప్పింది. “ముందుగాల పండ్లు జూడాలె బిడ్డా. ఒళ్లు వెచ్చగుండాలె. మూలకు తెల్ల మచ్చ ఉంటే ఇంటికి అచ్చిరాదు. పలుపు మాత్రం అమ్మినోనికే ఇచ్చెయ్యాలె.”

దశరథం ముఖం వెలిగిపోయింది. “ఇన్నవా ప్రవళికా, కురుమయ్యన్న ఆనాడు జెప్పిందే. ఫోన్‌ల గూడ గదే ఉన్నది.” గడప మీది కాలు వెనక్కు తీసుకొని, కొత్త తాడు కొనడానికి అంగడి వైపు నడిచాడు.

ప్రవళిక తీగలు మళ్లీ చెవుల్లో పెట్టుకుంది. ఆ మాటల్లో ప్రతి అక్షరం ఆమె వేళ్లతో కొట్టిందే. కాదంటే ఉద్యోగం పోతుంది, ఔనంటే ఛార్జర్ పోతుంది. సుమన తల ఎత్తకుండా మల్లికార్జున్ ఆంప్లిఫయరులో ఊడిన తీగకు టాంకా వేసి అతుకుతూ ఉంది.

ఇది రామన్నపేట ముచ్చట కదా, మనకేమిటని మీరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పు లేదు. మొన్న మీరు కూడా ఫోన్‌ను ఏదో అడిగారు, అది ఆగకుండా చెప్పింది, అంత గట్టిగా చెబితే నిజమే అయి ఉంటుందని నలుగురికి పంపారు కూడా. ఒకసారి లేచి పోయి మీ సంచి దులిపి చూసుకోండి. పసుపు రాలుతుందేమో.